రిమార్కుల గడి

ఆదివారం ఆరున్నరకి,
ఈసీఐఎల్ చౌరస్తాలో ఇడ్లీ బండి మీద ఆవిరి లేవకముందే,
మేం ఐదుగురం చెరువు కట్ట మీద ఉంటాం.
మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు, ఒక తెల్ల బకెట్,
సెంటీమీటర్లు గీసిన చెక్క పలక,
మెహజబీన్ మెళ్ళో తాడుకి వేలాడే పెన్ను.
కరుణాకర్ సారు నీటి అంచుని చూసే చూపు
ఒకప్పుడు సర్క్యూట్ బోర్డులో తెగిన తీగని వెతికిన చూపే.

గుర్రపుడెక్కని ఎవరైనా గుర్తుపడతారు,
అది దాక్కోదు.
ఊదా పూలు పెట్టుకుని పెళ్ళివారిలా దిగుతుంది,
పదిహేను రోజుల్లో చెరువు నిండా దాని బంధువులే.
మేం వెతికేది దాక్కునేవాటిని:
తూటికాడకి అంటుకున్న గులాబీ రంగు గుడ్ల గుత్తి,
చెవి పక్కన ఎర్ర గీత ఉన్న తాబేలు,
రాత్రిపూట సంచిలోంచి జారిపోయిన ఇంకేదైనా.

ఫారంలో ఒక గడి ఉంది. టిక్కు పెట్టాలి.
స్థానికం, స్థానికేతరం.
పాలకొండ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నదాన్ని,
రెండో మాట దగ్గర నా చెయ్యి ప్రతిసారీ కొంచెం ఆగుతుంది.
ఎల్లేశం చూశాడోసారి. వల దులుపుతూ అన్నాడు:
"గదేం గాదక్కా. నీళ్ళు నీ ఊరడగయ్.
ఏం తిన్నవ్, ఎవలికేం మిగిలిచ్చినవ్,
గంతే అడుగుతయ్."
నేను ఆ మాటే తలచుకుంటూ నిలబడితే
"ముందుగాల బూట్లు కడుక్కో,
పక్క చెర్ల దిగేటందుకు" అని కసిరాడు.

ఇవాళ అతని వల బరువుగా వచ్చింది.
జెల్లలు కావు. కొర్రమట్ట అసలే కాదు.
నల్లగా, గరుగ్గా, కవచం తొడుక్కుని,
ముళ్ళు వల కళ్ళలో దిగబడి
పదకొండు.
పొట్ట కింద నోరు. ఆ నోటితో
దేన్నైనా అంటుకుందామని గాలిని చప్పరిస్తున్నాయి.
"తిననీకి రాదు, అమ్మనీకి రాదు,
మా తాత పేరు వెట్టని చాప ఇది."

నాకు తెలుసు ఆ నోరు.
ఏడాదిన్నర మా హాల్లో, ట్యూబ్‌లైటు కింద,
గాజుకి అంటుకుని పాచి తింటూ ఉండేది.
అప్పుడు వేలెడంత. పాప దానికి
చీపురు అని పేరు పెట్టింది.
మూడో ఇల్లు మారినప్పుడు
చేపల తొట్టి వద్దన్నాడు ఓనరు.
బతుకమ్మ ఘాట్ మెట్ల మీద కూచుని
స్టీలు టిఫిను డబ్బా నీళ్ళలోకి వంచాను.
బతుకు పో తల్లీ, అన్నాను.
పుణ్యం అనుకున్నాను.
ఆ రాత్రి రెండుసార్లు పెరుగన్నం కలుపుకున్నాను కూడా.

ఒక్కటే కదా, ఒక్కటి పదకొండెలా అవుతుంది
అని ఇప్పుడు లెక్క చెప్పుకుంటున్నాను.
నాకు ముందూ నా తర్వాతా
ఆ మెట్ల మీద ఎన్ని డబ్బాలు వంగాయో,
ఎన్ని పుణ్యాలు,
ఆ లెక్క నా దగ్గర లేదు.

సారు పలక మీద కొలిచి చెప్తున్నారు, నేను రాస్తున్నాను.
నలభై రెండు. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి.
దొరికిన చోటు: తూము దగ్గర.
వచ్చిన దారి:
"తెలియదు అని రాసెయ్యమ్మా, ఎప్పుడూ రాసేదే కదా."

తెలియదు అని పది వరసల్లో రాశాను.
పదకొండో వరసలో ఆ గడి వదిలేసి
పక్కన, రెండు మాటలకి మించి పట్టని రిమార్కుల గడిలో,
అక్షరాలు కుదించి కుదించి:
బహుశా నేను. ఘాట్ మెట్లు, కుడివైపు. అక్టోబరు, 2016.

మెహజబీన్ చదివింది.
ఏమీ అనలేదు. బకెట్ మూత
అవసరమైనదానికన్నా గట్టిగా నొక్కింది.

ఎల్లేశానికి మా ఫారాలతో పని లేదు.
గట్టున కూచుని తెగిన కళ్ళు లెక్కపెడుతున్నాడు.
నైలాన్ దారం కొస నా చేతిలో పెట్టి
"గట్టిగ వట్టుకో" అన్నాడు.
పట్టుకున్నాను.
ఎండ వీపు మీదకి వచ్చింది.
ఇంకా ముప్పై ఏడు కళ్ళున్నాయి.